వంగని వేలు

సత్యవేణి పోయిన రోజున నాలుగో తరగతి పిల్లలు కట్టిన చీపురుపుల్లల వంతెన మీద ఇరవై ఏడు రాళ్లు నిలబడ్డాయి.

ఇరవై ఎనిమిదో రాయి త్రిమూర్తులు మాష్టారి చేతిలో ఉండగా జేబులో ఫోను మోగింది. పాఠం చెప్పేటప్పుడు ఆయన ఫోను తీయరు. రెండోసారి మోగింది. మూడోసారికి ముందు వరసలో కూర్చున్న భువన, "తీయండి మాష్టారూ, వంతెన ఎక్కడికీ పోదు లెండి" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఫోను తీశారు.

పాలిటెక్నిక్ కాలేజీ వర్క్‌షాపులో పాఠం చెబుతూ చెబుతూ ఆయన భార్య సత్యవేణి కుర్చీలో కూర్చుందట. తలలో నరం చిట్లిందన్నారు. కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. చేతిలోని రాయిని వంతెనకు దూరంగా బల్ల మీద పెట్టారు. హాజరుపట్టీ మూశారు. ఆయమ్మను పిలిచి పిల్లలను ఇళ్లకు పంపమని చెప్పి, చెప్పులు వేసుకుని బయలుదేరారు. స్టేషను దాకా వచ్చాక గాని ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకున్నట్టు తెలియలేదు. నిలబడి మార్చుకున్నారు.

కర్మకాండలు ముగిసి ఆయన మళ్లీ బడికి వచ్చేసరికి వంతెన అలాగే ఉంది. ఇరవై ఏడు రాళ్లూ దాని మీదే ఉన్నాయి. ఆయమ్మ దాన్ని కదపకుండా చుట్టూ తుడిచినట్టుంది. వంతెన ఉన్నంత మేరా ధూళి చారగా నిలిచిపోయింది.

"మీరొచ్చాక వేద్దామని ఉంచామండి" అంది భువన, పక్కనున్న రాయి చూపిస్తూ.

"తరవాత చూద్దాం" అన్నారు ఆయన.

ఆ పాఠం రాసిచ్చింది సత్యవేణి. కూలేదాకా రాళ్లు వేయాలి. ఎక్కడ కూలిందో పిల్లలే చూడాలి, మళ్లీ కట్టాలి. కూలకపోతే పాఠం పూర్తి కానట్టే లెక్క. ఆయన రాళ్లు తీయించి, వంతెనను బీరువా మీద పెట్టించారు.

*

ఆ ఊరు మల్లవరప్పాడు. కడియం నర్సరీల వైపు, కాలువ గట్టు మీదుగా వెళ్లాలి. బడి పిల్లల్లో ముప్పాతిక మంది తల్లిదండ్రులు నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టేవాళ్లే. సత్యవేణి రాజమండ్రిలో వర్క్‌షాపు మేడమయినా, శనివారం మధ్యాహ్నాలు మాత్రం సంచీలో పురికొస, వెదురు ముక్కలు, బంకమట్టి, పాత సైకిలు చువ్వలు వేసుకుని చుట్టుపక్కల ఎలిమెంటరీ బడులు తిరిగేది. "పాలపళ్లు ఊడని పిల్లలకి ఇంజనీరింగేంటమ్మా" అని హెడ్మాస్టర్లు నవ్వేవారు. "పడిపోయిందాన్ని చూసి ఎందుకు పడిందని అడగడమేనండి ఇంజనీరింగంటే. ఆరేళ్ల పిల్లలు అడుగుతారు. నా దగ్గరికొచ్చే పదహారేళ్ల వాళ్లు అడగడం మానేశారు. అందుకే ఇక్కడికొస్తున్నా" అనేది.

ఆమె ఎడమ చేతి చూపుడు వేలు తొమ్మిదో ఏట చెరుకు గానుగలో నలిగింది. ఎముక అతుక్కుంది గాని మధ్య కణుపు వంగడం మానేసింది. బీరకాయ చెక్కు తీసినా, ముడి వేసినా, కాగితం మడిచినా ఆ వేలొక్కటీ నిటారుగా పైకి లేచి ఉండేది. పెళ్లయిన కొత్తల్లో ఆయన, "ఎవర్ని బెదిరిస్తున్నావు?" అని అడిగేవారు. "వినేవాళ్లని" అనేది. ఇరవై రెండేళ్లలో ఆ వేలి గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

ఆమె చేతిపని చూసి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల వాళ్లు పిలిచారు. ఆ పథకానికి చేతివరస అని పేరు పెట్టారు. నేర్పుగల మనిషి చేతులకు తీగలు చుట్టి, పని చేస్తుంటే ఏ వేలు ఎప్పుడు ఎంత బలంతో కదిలిందో అంతా ముద్ర తీసుకుంటారు. ఆ ముద్రను పిల్లల చేతి తొడుగుల్లోకి ఎక్కిస్తే, తొడుక్కున్న చేతిని తొడుగే అలా కదిలిస్తుంది. పద్నాలుగు నెలలపాటు నెలకు రెండు ఆదివారాలు సత్యవేణి రైలెక్కి వెళ్లొచ్చింది. కట్టు కట్టడం, కోత కోయడం, కప్పీ బిగించడం, ఇరుసు కూర్చడం, మొత్తం నలభై రెండు పనులు. చివరి పని ముద్ర తీసిన ఆరు వారాలకు ఆమె పోయింది.

దసరా సెలవులయ్యాక ప్రయోగశాల నుంచి డాక్టర్ కస్తూరి ఒక పెట్టె పట్టుకుని బడికి వచ్చింది. ముప్పై దాటని మనిషి. పెట్టె బల్ల మీద పెట్టి, మూత తీయకుండా దాని మీద చేయి వేసి కూర్చుంది.

"మొదటి బడి ఇదే కావాలని మేడం రాసిచ్చారండి. కాని ఇప్పుడు... మీకు ఇబ్బందనిపిస్తే చెప్పండి మాష్టారూ. వేరే బడికి ఇచ్చేస్తాం."

"సరిపోతాయా?" అన్నారు త్రిమూర్తులు మాష్టారు.

"ఏంటండీ?"

"తొడుగులు. నాలుగో తరగతిలో కొందరివి బాగా చిన్న చేతులు."

"సరిపోతాయండి."

"అయితే ఉండనివ్వండి."

ఆమె వెళ్లే ముందు ఒక కాగితాల కట్ట ఇచ్చింది. వారానికోసారి ప్రతి పిల్ల చేతులూ కాగితం మీద ఆనించి, పెన్సిలుతో చుట్టూ గీత గీయించాలి. ఆ గీతలు బడిలోనే ఉంచి, వారానికొక షీటు మాత్రం నింపి ప్రయోగశాలకు పంపాలి. షీటులో ఒకటే ప్రశ్న. వేళ్ల నిలకడలో మార్పు ఉందా, లేదా?

*

మొదట భువన వేసుకుంది. బూడిదరంగు తొడుగులు, ముంజేతికి ఒక పట్టీ. ఎదురుగా రెండు వెదురు ముక్కలు, పురికొస. పట్టీ మీద చిన్న దీపం వెలిగింది. భువన చేతులు కదిలాయి.

"మాష్టారూ! నా చెయ్యి నా మాట వినట్లేదండోయ్!"

"ఎప్పుడు విందిలే" అన్నాడు వెనకనుంచి చరణ్. "మొన్న నా పలక మీద ఇంకు పోసింది కూడా ఆ చెయ్యే."

"అది కావాలనే పోశా."

మాటలు సాగుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వెదుళ్లను అడ్డంగా నిలిపి నాలుగు చుట్లు, మధ్యలో రెండు బిగింపు చుట్లు, ముడి. ముడి పడ్డాక కుడి బొటనవేలి గోరు దాని మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్.

"ఇదెందుకండీ?" అంది భువన తన గోరు వంక చూసుకుంటూ.

మాష్టారు లేచారు. కిటికీ దగ్గరికి వెళ్లి తలుపు పూర్తిగా తెరిచారు. బయట లారీలోకి మొక్కల సంచులు ఎక్కిస్తున్నారు. వాటిని కాసేపు చూశారు.

"ముడి వదులుగా ఉంటే శబ్దం బొంగురుగా వస్తుంది" అన్నారు వెనక్కి తిరగకుండానే. "బిగిసిందో లేదో వినడానికి."

ఆ వారం చివరికి ఇరవై ఆరుమంది పిల్లలూ ముడి వేసి రెండుసార్లు కొడుతున్నారు. రెండో వారానికి తొడుగులు తీసేసినా చేతులకు పని గుర్తుండిపోయింది. మూడు వారాలు తిరిగేసరికి బడి వెనక పంటబోదె మీద పదకొండు అడుగుల వెదురు వంతెన లేచింది. ఆయమ్మ దాని మీద నడిచి, "అయ్యబాబోయ్, నన్నే మోసిందంటే ఇంకేం కావాలండీ!" అంది. జిల్లా నుంచి అధికారులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. పథకంలోని మిగతా పదకొండు బడుల్లోనూ వంతెనలు లేచాయి. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో తెలియదు. పన్నెండూ ఒకే వంతెన.

తరగతి గది నిశ్శబ్దంగా ఉంటోంది. ఇదివరకు పుల్లల పాఠమంటే తగువు. నీవల్ల కూలిందంటే నీవల్ల కూలిందని ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకునేవారు, ఆయన బెత్తంతో బల్ల మీద కొట్టవలసివచ్చేది. ఇప్పుడు ఏదీ కూలడం లేదు. ఎందుకని అడిగేవాళ్లు లేరు.

*

మూడో శనివారం సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక, చేతి గీతల కాగితాలు వరసలో పెడుతుంటే ఆయనకు కనిపించింది.

మొదటి వారం భువన ఎడమ చేయి కాగితం మీద పూర్తిగా ఆనింది. ఐదు వేళ్ల గీతలూ సమంగా ఉన్నాయి. మూడో వారం చూపుడు వేలి గీత చివర సన్నబడి, గోరు దగ్గర అసలు కలవలేదు. వేలు కాగితం మీద ఆనలేదు. పైకి లేచి ఉంది. చరణ్ కాగితం తీశారు. అదే. మిగతావి తీశారు. కొందరిది తక్కువ, కొందరిది ఎక్కువ.

ఆయన కాగితాలు బల్ల మీద పరిచి కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భువన ఎడమ చేత్తో గ్లాసు ఎత్తి నీళ్లు తాగడం చూశారు. నాలుగు వేళ్లు గ్లాసు చుట్టూ, ఒకటి గాలిలో. అప్పుడు ఆయన చూసింది భువనను కాదు. వంటింటి గట్టు దగ్గర నిలబడి నీళ్లు తాగుతున్న మనిషిని చూశారు. ఆ చూడటంలో అన్నం చల్లారిపోయింది.

ప్రశ్న ఎదురుగా ఉంది. మార్పు ఉందా, లేదా?

ఆయన ముప్పై ఏళ్లుగా పిల్లలకు చూచిరాత నేర్పుతున్న మనిషి. ఆ రోజూ అక్షరం గుండ్రంగానే పడింది. లేదు.

నాలుగో వారమూ లేదు అని రాశారు. ఐదో వారమూ. తొమ్మిదో వారం దాకా ఏడుసార్లు రాశారు. ఏ వారానికావారం, వచ్చే వారం చెబుదామనుకున్నారు. ఏమీ అనిపించేది కాదు. షీటు కవరులో పెట్టి, జిగురు రాసి, వేలితో అంచు నొక్కేవారు.

ఇంట్లో వసారాలో నులక మంచం ఉంది. సత్యవేణి పోవడానికి వారం ముందు పాత నులక తీసేసి కొత్తది అల్లడం మొదలుపెట్టింది. తలవైపు నుంచి సగం దాకా వచ్చింది. మిగిలిన నులక ఉండ మంచం కోడుకు వేలాడుతోంది. ఆయనకు అల్లడం రాదు. ఆమె అల్లుతుంటే పక్కన కూర్చుని పేపరు చదివేవారే తప్ప చేతుల వంక చూసేవారు కాదు. ఇప్పుడు ఆ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నారు.

ఒక ఆదివారం పొద్దున్న బడి నుంచి ఒక జత తొడుగులు తెచ్చుకుని వేసుకోబోయారు. పిల్లల కొలతలు. వేళ్లు రెండో కణుపు దాకా కూడా దూరలేదు. పట్టీ ముంజేతి చుట్టూ అందలేదు. కాసేపు అలాగే, సగం దూరిన వేళ్లతో మంచం ముందు కూర్చున్నారు. తరవాత తొడుగులు తీసి, చిరగలేదు కదా అని వెలుతురులో చూసి, సంచీలో పెట్టారు.

*

పదో వారం సోమవారం నాడు భువన తల్లి నూకరత్నం బడికి వచ్చింది. నర్సరీలో పని మధ్యలోంచి వచ్చినట్టుంది. నడుముకు అంటు కత్తి, చేతులకు మట్టి. గుమ్మం బయటే నిలబడింది.

"లోపలికి రామ్మా."

"పర్లేదండి. కాళ్లకి బురదండి." చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంది. "నిన్న పిల్లదాన్ని గులాబీ అంట్లకి తీసుకెళ్లానండి. పట్టీ చుట్టడం దానికి ఐదో ఏటి నించీ వచ్చండి. ఎడం చూపుడు వేలితో కొమ్మని అదిమి పట్టుకుని, కుడి చేత్తో చుట్టాలండి. నిన్న అది అదిమి పట్టలేకపోయిందండి. వేలు వంచవే అన్నాను. వంగట్లేదమ్మా అంది. ఏషాలేస్తోందనుకుని ఒక్కటిచ్చానండి."

మాష్టారు గుమ్మం దాటి బయటికి వచ్చారు.

"తరవాత నేనే పట్టుకుని వంచి చూశానండి. నేను వంచితే వంగుతోందండి. అదే వంచుకోమంటే వంగట్లేదండి. ఆ వేలు లేనట్టే ఉందండి దానికి." ఆమె గొంతు పెంచలేదు. "అలా లేచి ఉన్న వేలిని నేనెక్కడో చూశానండి. రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. మా సత్యవేణమ్మగారిదండి ఆ వేలు."

తరగతిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. పదమూడో ఎక్కం.

"మీకు తెలీదాండీ మాష్టారూ?"

"తెలుసు" అన్నారు ఆయన.

"ఎప్పట్నించండీ?"

"ఏడు వారాలైంది."

నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నారు. తిడితే బాగుండుననుకున్నారు. ఆమె నడుముకున్న కత్తిని సర్దుకుంది.

"మేం అంటు కట్టాక, పై కొమ్మ చిగురేసిందంటే అడుగు మొక్క తల కోసేస్తామండి. ఇంక దాని ఆకు అది వెయ్యదు. వేరు దానిదే గాని పువ్వు దానిది కాదండి. మొక్కలకంటే సరేనండి, మా కూడు అది." ఆగింది. "ఆ అమ్మగారంటే మాకూ ప్రాణమేనండి. ఆవిడుంటే మిమ్మల్నిలా చెయ్యనిచ్చేవారా?"

జవాబు కోసం ఆగకుండా గట్టు మీదుగా వెళ్లిపోయింది. ఆయన లోపలికి వచ్చి పిల్లలందరినీ తొడుగులు తెచ్చి బల్ల మీద పెట్టమన్నారు.

"ఇవాళ పనిలేదాండీ?" అన్నాడు చరణ్.

"లేదు."

"రేపండీ?"

"రేపూ లేదు."

*

మర్నాడు పొద్దున్న రైలుకు ఆయన చేతి గీతల కాగితాలన్నీ తీసుకుని విశాఖపట్నం వెళ్లారు. కస్తూరి వాటిని గాజుబల్ల మీద పరిచి, కింద దీపం వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"మీరు పంపిన తొమ్మిది షీట్లలోనూ లేదు అనే ఉంది మాష్టారూ."

"మొదటి రెండూ నిజం. తరవాత ఏడూ అబద్ధం రాశాను."

ఆమె కళ్లజోడు తీసింది. "ఇంకో రెండు బడుల వాళ్లు ఉంది అని రాశారండి. మేం నమ్మలేదు. మేడం సొంత బడిలో, ఆవిడ చేతులు బాగా ఎరిగిన మనిషే మార్పు లేదని రాస్తుంటే, వాళ్లే సరిగా చూడలేదనుకున్నాం. మీ షీటునే కొలతగా పెట్టుకున్నాం."

ఆయన తల ఊపారు. పన్నెండు బడులు. బడికి పాతిక మంది చొప్పున వేసుకున్నా ఎంతో ఆయన మనసులో దానంతట అదే తేలింది.

"తప్పు ముందు మాదేనండి" అంది కస్తూరి. "ఆ వేలు పని చెయ్యదు కాబట్టి ముద్రలో దాని చోట ఖాళీ వదిలేశాం. ఖాళీయే కదా, పిల్లల సొంత వేలు వచ్చి కూర్చుంటుందనుకున్నాం. కాని మిగతా తొమ్మిది వేళ్లూ ఆ ఒక్కటీ లేనట్టే పని పంచుకుని ముప్పై ఏడేళ్లు బతికాయి. పిల్లల చేతులు ఆ పంపకాన్నీ నేర్చేసుకున్నాయి. ఆ వేలికి పని లేదని నేర్చుకున్నాయి."

"ఇంకొకరి వేలు అందులో అతికిస్తే?"

"అతికించొచ్చండి. అప్పుడు పది వేళ్ల పంపకమూ మార్చాలి. అది మేడం చెయ్యి అవదు. ఇంకెవరిదో అవుతుంది." ఆమె ఒక కాగితం తీసి, ఆయన వైపు జరపకుండా తన ముందే ఉంచుకుంది. "హాని చేసిన ముద్రను నకలు కూడా మిగల్చకుండా చెరిపెయ్యాలని నియమం. దానికి వారసుల సంతకం కావాలి. ఇవాళే చెయ్యక్కర్లేదండి."

"పెన్నుందా?"

ఇచ్చింది. ఆయన కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. ఒకచోట అచ్చుతప్పు ఉంటే దిద్దారు. సంతకం చేశారు.

"ఒక్కసారి చూస్తారా?" అంది కస్తూరి. పక్కగదిలో గాజు అర వెనక ఒక జత ఉక్కు చేతులున్నాయి. ముద్రలు సరిచూసుకోవడానికి వాటి చేత పనులు చేయిస్తారు. "ఏదైనా ఒక పని చేయించి చూపిస్తాను. మీరు ఏది అడిగితే అది."

"నులక మంచం అల్లడం ఉందా?"

ఆమె జాబితా వెతికింది. "లేదండి. పురికొస ఉంది, తాడుంది, తీగ ఉంది. నులక లేదు."

"అయితే వద్దమ్మా" అన్నారు. రెండింటి రైలుకు టైముంది. నడిచే స్టేషనుకు వెళ్లారు.

*

ఆ తరవాత జరగవలసినవి జరిగాయి. పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఉన్నదున్నట్టు జవాబు రాశారు. తల్లిదండ్రులను పిలిచి బడి ముందు నిలబడి చెప్పారు. కొందరు అరిచారు. చరణ్ తండ్రి, "మా పిల్లల చేతులతో మీ ఆవిడ దినాలు చేశారా మాష్టారూ?" అన్నాడు. నూకరత్నం ఒక మూల నిలబడి ఉంది.

రాజమండ్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి వ్యాయామాలు చూపించింది. ఎడమ చేత్తో గచ్చకాయలు ఆడించాలి. చింతపండు గింజలు తీయించాలి. తొడుగులు నేర్పిన పనులు మాత్రం, కనీసం ఏడాదిపాటు, ఏవీ చేయనివ్వకూడదు. చేసిన కొద్దీ ఆ వరస గట్టిపడుతుంది.

మాష్టారు బీరువా మీదినుంచి పాత చీపురుపుల్లల వంతెన దింపి, ఇరవై ఏడు రాళ్లూ దాని మీద మళ్లీ పేర్పించారు. ఇరవై ఎనిమిదో రాయి భువన చేతికిచ్చారు. ఆమె ఎడమ చేత్తో, నాలుగు వేళ్లతో పట్టుకుని వేసింది. వంతెన మధ్యలో విరిగి రాళ్లన్నీ బల్ల మీద దొర్లాయి. కూలడం చూసి ఎన్నాళ్లయిందో.

"ఎందుకు పడింది?" అన్నారు ఆయన.

ఎవరూ చెప్పలేదు. ఆఖరికి చరణ్, "భువన వేసింది కాబట్టండి" అన్నాడు. భువన వాడి వీపు మీద గుద్దింది. తగువు మొదలైంది. ఆయన బెత్తం తీయలేదు.

నెల తిరిగేసరికి చిన్నవాళ్ల వేళ్లు కాగితం మీద ఆనడం మొదలుపెట్టాయి. రెండు నెలలకు ఇరవై ఆరుమందిలో ఇరవై ముగ్గురి గీతలు కలిశాయి. చరణ్ వేలు వంగిన రోజున వాడు దాన్ని ఊరంతా చూపించుకుని తిరిగాడు. భువనది కలవలేదు. అందరికంటే బాగా నేర్చుకున్నది ఆ పిల్లే.

ఆదివారాలు నూకరత్నం పనిలోకి వెళుతూ భువనను మాష్టారింట్లో దింపి వెళ్లేది. మొదటిసారి ఆమె వచ్చి, "డాక్టరమ్మ చెప్పినవి దగ్గరుండి చేయించాలటండి. నాకు ఖాళీ ఉండదు. మీరే చేయించండి" అంది. అది క్షమించడం కాదని ఆయనకు తెలుసు. పని అప్పగించడం. ఆయన వసారాలో చాప పరిచి గచ్చకాయలు తెచ్చేవారు.

ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం, ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చేలోగా భువన మంచం దగ్గర కూర్చుని ఉంది. నులక ఉండ ఆమె ఒళ్లో ఉంది.

"మాష్టారూ, ఇది నాకొచ్చండి."

"నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండి. పట్టుకుంటే వచ్చేస్తోంది. చూడండి."

చూశారు. ఆ చేతులు తడుముకోవడం లేదు. జంట పోగులు కిందనుంచి పైకి, పైనుంచి కిందికి, ఎక్కడ ఎన్ని ఎత్తాలో ఎన్ని తొక్కాలో తెలిసినట్టే సాగుతున్నాయి. చూపుడు వేలు నిటారుగా లేచి ఉంది. వరస చివరికి వచ్చాక, బొటనవేలి గోరు నులక మీద రెండుసార్లు కొట్టింది.

ఆయన గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆపాలి. ఆపాలని తెలుసు. ఒక వరస అయింది. రెండో వరస అయింది. ఇంకో అరగంట ఊరుకుంటే మంచం పూర్తవుతుంది. ఆ పిల్లకూ సరదాగానే ఉంది. చూసేవాళ్లు లేరు. ఇదివరకు కూడా ఇలాగే, వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నారు. మూడో వరస చివర గోరు మళ్లీ లేచింది.

"చాలమ్మా" అన్నారు.

"ఇంకా సగం ఉందండి."

"ఉండనీ."

"నేనల్లేస్తానండి. ఎంతసేపండీ?"

"నువ్వు అల్లకూడదు. ఉండ ఇలా ఇయ్యి."

భువన ఆయన వంక వింతగా చూసి ఇచ్చేసింది. ఆయన దాన్ని మళ్లీ కోడుకు తగిలించారు. ఆ పిల్ల చాప మీదికి వచ్చి ఎడమ చేత్తో గచ్చకాయ ఎగరేసింది. జారిపోయింది. మళ్లీ ఎగరేసింది. మళ్లీ జారిపోయింది.

"ఇది నాకు రాట్లేదండి" అంది విసుగ్గా.

"మళ్లీ వెయ్యి" అన్నారు.

భువన వెళ్లిపోయాక ఆయన ఆ మూడు వరసలూ విప్పేద్దామని మంచం ముందు కూర్చున్నారు. చివరినుంచి లెక్కపెట్టవచ్చు. కాని ఆ పిల్ల మొదలుపెట్టిన చోట సత్యవేణి వదిలిన వరస సగంలో ఉందో, పూర్తయి ఉందో ఆయన ఏనాడూ చూసుకోలేదు. వేలితో తడిమి చూశారు. కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఎక్కడా అతుకు లేదు. ఏది ఎవరిదో తెలియలేదు. చేయి తీసేసి లేచారు.

ఇదంతా జరిగి ఇప్పటికి ఏడు నెలలు. భువన ఐదో తరగతికి వచ్చింది. ఆదివారాలు వస్తూనే ఉంది. మంచం సగమే అల్లి ఉంది. భువన చూపుడు వేలు ఇంకా వంగలేదు.